నలభై ఒకటో రాయి దగ్గర బావి

చీకటి పడ్డాక నలభై ఒకటో రాయి దగ్గరికి ఎవరూ వెళ్ళేవారు కాదు.

తప్పనిసరైతే కంకర రోడ్డు మీదుగా చుట్టు తిరిగి పోయేవారు, మైలున్నర ఎక్కువైతే అయిందని. ఆ రాయి పక్కనే ఒక పాడుబడ్డ ఇల్లు, ఇంటి వెనక ఒక బావి. బావి మీద సిమెంటు పలక వేసి మూసేశారు. పలక మధ్యలో ఒక కన్నం — సరిగ్గా ఒక చెయ్యి పట్టేంత. ఆ కన్నంలోంచి రాత్రిళ్ళు ఎవరో మాట్లాడతారని పేరు. మాటలు విడివిడిగా తెలియవట... నోటి నిండా నీళ్ళు పెట్టుకుని మాట్లాడినట్టు ఉంటుందట.

పాలవాడు విన్నాడు. విన్నవాడు సైకిలు ఎక్కడం మర్చిపోయి, దాన్ని భుజాన వేసుకుని పరిగెత్తాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒక లారీ డ్రైవరు ఇంజను ఆపకుండానే బండి దిగి కాలికి బుద్ధి చెప్పాడు. ఆస్పత్రి నర్సమ్మ దెయ్యాల్ని నమ్మే మనిషి కాదు, ఆవిడే ఆ దారి మానేసింది. ఊరన్నాక ఒకటికి నాలుగు కలుపుతారు, కాదనను. ఆ నాలుగూ తీసేసినా ఇంకా ఒకటి మిగులుతుంది. ఈ కథ ఆ మిగిలినదాని గురించి.

బావిలో ఉన్నది పెద్దోడని అందరికీ తెలుసు.

పెద్దోడు, చిన్నోడు అన్నదమ్ములు. అసలు పేర్లు కాగితాల్లో ఉన్నాయి గాని వీధిలో ఎవరూ వాడలేదు. తల్లి పోయిన ఇల్లు. పెద్దోడి పెళ్ళి నాటికి చిన్నోడికి తొమ్మిదేళ్ళు. వదిన వచ్చాకే వాడు వేళకి ఇంత తిన్నాడు, జ్వరమొస్తే ఒకరి ఒళ్ళో పడుకున్నాడు. పెద్దోడు కూరగాయల నారు పోసి అమ్మేవాడు. తెల్లారితే బావి, పొద్దుగూకితే బావి, ఆ చేతులు ఎప్పుడూ తడిగానే ఉండేవి. ప్రేమగా ఒక మాట అనడం ఆ మనిషికి చేతకాదు. తమ్ముడు తెలివితక్కువ పని చేసినప్పుడల్లా వెనక నుంచి వచ్చి నెత్తి మీద ఆ తడి చేత్తో ఒక్కటి తగిలించేవాడు, అంతే. దెబ్బకి నొప్పి ఉండేది కాదు. నీళ్ళు మాత్రం మెడ మీదుగా వీపులోకి కారేవి.

తర్వాత ఊరికి గ్యాస్ వచ్చింది. వచ్చిందంటే పొయ్యిల్లోకి కాదు, నేల కింద దొరికింది.

ఏడాది తిరిగేసరికి ఊరు ఊరులా లేదు. ఊరి చివర ఇనప గొట్టం మీద మూడంతస్తుల మంట రాత్రింబవళ్ళు మండేది. ఆ వెలుతురుకి కోళ్ళు అర్ధరాత్రే కూసేవి, జనం కిటికీలకి దుప్పట్లు కట్టుకుని పడుకునేవారు. గొడ్ల కొట్టాలు లాడ్జీలయ్యాయి. లెక్కల మాస్టారు బడి మానేసి కంపెనీ జీపు తోలాడు. అద్దెలు పెరిగి పెరిగి, అక్కడే పుట్టి పెరిగినవాళ్ళు సామాన్లు నెత్తిన పెట్టుకుని ఊరి బయటికి పోయారు. కాళ్ళ కింద గొట్టాల్లోంచి గ్యాస్ ఎక్కడో ఉన్న పట్నానికి పోతుంటే, ఇక్కడి ఆడవాళ్ళు మాత్రం ఎప్పటిలాగే సిలిండరు కోసం వరసలో నిలబడ్డారు. అయినా అబద్ధం ఎందుకు, ఉద్యోగాలు కూడా వచ్చాయి. చిన్నోడికీ వచ్చింది.

గొట్టం నారుమడి అంచున, బావికి ఇరవై అడుగుల దూరంలోంచి వెళ్ళాలన్నారు. వీధి మొత్తం సంతకాలు పెట్టింది. పెద్దోడు ఒక్కడే పెట్టలేదు. పెట్టకపోయినా గొట్టం ఆగలేదు గాని అన్నదమ్ముల మధ్య మాట ఆగిపోయింది. ఒకడు గొట్టం వద్దన్నవాడు, ఇంకొకడు ఆ గొట్టానికే కాపలా వెళ్ళినవాడు. ఒకే గదిలో పక్కపక్కనే కూర్చుని తింటూ కూడా ఉప్పు అందించమని వదిన చేత చెప్పించుకునేవారు. పాపం, ఆవిడ ఎవరి మాటనైనా సగం మింగేసి మంచి సగమే అందించేది.

చిన్నోడి పని రాత్రిళ్ళు గొట్టం వెంట నడవడం. గొట్టం భూమిలో ఉంటుంది, పైన వరసగా ఎనభై రెండు గుర్తురాళ్ళు, అందులో మొదటి సగం చిన్నోడిది. ప్రతి రాయికీ ఒక బిళ్ళ. చేతిలోని యంత్రాన్ని దానికి తాకిస్తే కీచుమంటుంది, మనిషి అక్కడిదాకా వచ్చినట్టు లెక్క. ఎక్కడైనా అనుమానమొస్తే సంచిలోని సీసా తీసి సబ్బు నీళ్ళు పొయ్యాలి. నురగ పొంగితే గ్యాస్ పోతున్నట్టు. మూడు రోజుల శిక్షణలో నేర్పింది ఇంతే.

చేరిన కొత్తలోనే పెద్దోడు కంపెనీకి ఫిర్యాదు పెట్టాడు. బావి నీళ్ళు పాడయ్యాయని, గ్లాసులో పోస్తే పాలలా తెల్లగా వచ్చి, తర్వాత అడుగు నుంచి పైకి మెల్లగా తేటపడుతున్నాయని, బావి మీద కప్పిన రేకు దానంతటదే దడదడలాడుతోందని. ఆ భాగంలో నడిచేది చిన్నోడు కాబట్టి చూసి రమ్మని వాడినే పంపారు.

చిన్నోడు యూనిఫాం వేసుకుని, తను పెరిగిన ఇంటికే పరాయివాడిలా ముందు గుమ్మం నుంచి వెళ్ళాడు. రేకు ఎత్తి, బావిలోకి వంగి, ముక్కు ఎగబీల్చాడు. పాచి వాసన తప్ప ఏమీ లేదు. గ్యాస్ అంటే కంపు కొడుతుందని ఎవరికి తెలియదు? వంటింట్లో సిలిండరు లీకైతే ఇల్లంతా తెలుస్తుంది. సబ్బు సీసా సంచిలోనే ఉంది. కాని పక్కన నిలబడి అన్న చూస్తున్నాడు. సీసా తీశాడంటే అన్న మాట నిజమేమోనని ఒప్పుకున్నట్టే. తనని పదిమందిలో చులకన చెయ్యడానికే ఇదంతా చేస్తున్నాడని చిన్నోడి మంట. 'వాసన లేదు. పరీక్షించాను. లీకు లేదు' అని రాసి, సంతకం పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాడు.

పన్నెండో రోజు ఇంకా తెల్లవారకముందే పెద్దోడు నారుకి నీళ్ళు పెడదామని లేచాడు. మోటారు నీళ్ళు లాగడం లేదు. రేకు పక్కకి జరిపి, లోపల ఏమైందో చూద్దామని లైటరు వెలిగించాడు.

నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. వదిన మంచం పక్కనే ఉంది. చిన్నోడు నాలుగు రోజులూ వరండాలో నిలబడ్డాడు గాని లోపలికి వెళ్ళలేకపోయాడు. ఐదో రోజు వెళ్ళినా చూడడానికి మనిషి లేడు.

విచారణకి వచ్చినవాళ్ళు కాగితం చూశారు. లీకు లేదు, సొంత తమ్ముడే రాశాడు. మరి మంట ఎక్కడిది? కంపెనీ మీద కక్షతో ఒంటికి తనే నిప్పు పెట్టుకున్నాడని ఊరు తేల్చేసింది. మొండివాడు, అబద్ధాలకోరు, చావు కూడా గొడవ కోసమే చచ్చాడన్నారు. వదిన ఇంటికి తాళం వేసి, ఇస్త్రీ దుకాణం వెనక ఒక గదిలో చేరింది. చిన్నోడు వేరే గది తీసుకున్నాడు. బావి మీద పలక వేసి మూసేశారు. ఆ తర్వాతే బావి మాట్లాడడం మొదలుపెట్టింది.

విచిత్రమేమిటంటే మొదటి రెండేళ్ళూ చిన్నోడికి ఆ బావంటే ఏ భయమూ లేదు. గొణుగుడు దూరం నుంచి వినిపించినా తల తిప్పకుండా రాయికి యంత్రం తాకించి వెళ్ళిపోయేవాడు. మూడో ఏడు హఠాత్తుగా మానేశాడు. అవతలి సగం నడిచే పొడుగాయన్ని బతిమాలి నలభై ఒకటో రాయి అతనికి అంటగట్టి, బదులుగా అతని ఆదివారాలు తను నడిచేవాడు. చిన్నోడికి అన్న కనిపించాడని, ఇక వాడి పని అయిపోయిందని తోటివాళ్ళు ఆటపట్టించారు. పొడుగాయన మాత్రం చెవుల్లో దూది కుక్కుకుని, కీచుమనిపించి, పరుగున వచ్చేసేవాడు. ఒక్కడూ అక్కడ ఆగి చూసింది లేదు. దెయ్యం ఉందన్న పేరే ఆ బావికి కాపలా కాసింది.

చిన్నోడిది భయమే. కాని దెయ్యమంటే కాదు.

ఆ ఏడాది పాత మనుషులకి మళ్ళీ క్లాసు పెట్టారు. వెనక బెంచీలో కునికిపాట్లు పడుతున్న చిన్నోడి చెవిన ఒక మాట పడింది. నేలలోంచి వచ్చే గ్యాస్‌కి వాసనే ఉండదట. వంటింటి సిలిండర్లో కంపు, లీకైతే తెలియాలని ఫ్యాక్టరీలో కావాలని కలిపేదట. కాబట్టి ముక్కుని నమ్మకండి, సబ్బు నీళ్ళనే నమ్మండి అన్నాడు పాఠం చెప్పే ఆయన. మిగతావాళ్ళు తలూపి టీకి లేచారు. చిన్నోడు లేవలేదు. ఆ రోజు నుంచి వాడు బావి దగ్గరికి వెళ్ళలేదు, ఎవరితోనూ ఆ సంగతి చెప్పలేదు. వెళ్ళి సీసా వంచితే నురగ వస్తుందేమో. రాకపోతే పరవాలేదు... వస్తే?

అంతలోనే గ్యాస్ అడుగంటింది. ముందు మంట చిన్నదై, ఒక రాత్రి ఆరిపోయింది. అన్నేళ్ళూ వెలుతురుని తిట్టుకున్న ఊరు ఆ రాత్రి చీకటికి నిద్రపట్టక వీధుల్లోకి వచ్చి నిలబడింది. లాడ్జీలకి తాళాలు పడ్డాయి. లెక్కల మాస్టారు మళ్ళీ బడికి వెళితే అక్కడ పిల్లలు సగమే ఉన్నారు. గొట్టంలో ఇంకా కాస్త గ్యాస్ మిగిలుండగానే కంపెనీ ఇంకెక్కడో కొత్త చోటికి పోతోంది. అన్ని గొట్టాలూ కలిపి నడిచేవాళ్ళు అరవైమందిలో నలుగుర్నే వెంట తీసుకెళతామన్నారు. ఆ నలుగురిలో చిన్నోడి పేరుంది. పొడుగాయన పేరు లేదు, అతను ముందే మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఆఖరి రాత్రి నడకకి బయల్దేరబోతుంటే వదిన వచ్చింది. మూడేళ్ళలో ఆవిడ వాడి గుమ్మం తొక్కడం అదే మొదలు. లోపలికి రమ్మంటే రాలేదు.

"పొద్దున్నే మిషను పెట్టి బావి పూడ్చేస్తారటరా" అంది మెల్లగా. "పూడ్చేలోగా ఒక్కసారి చూసి రా. ఈసారి సరిగ్గా చూడు, చిన్నోడా."

జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

కంపెనీ గేటు దగ్గర ఫోను, అగ్గిపెట్టె, లైటరు అన్నీ పెట్టేసి నడకకి వెళ్ళాలి. చేతికి టార్చి, వాకీటాకీ ఇస్తారు. చిన్నోడు ఫోను పెట్టాడు. లైటరు ఎప్పటిలాగే లోపలి జేబులో దాచాడు, దారిలో ఒక సిగరెట్టు కాల్చుకునే అలవాటు. ఆఖరి రోజని వెతికేవాడు కూడా లేడు. చలికి మంకీ క్యాప్ చెవుల మీదికి లాక్కుని నడక మొదలుపెట్టాడు.

ముప్పై... ముప్పై ఐదు... నలభై.

నలభై దగ్గర కాళ్ళు ఆగాయి. ఎప్పుడూ వెనక్కి తిరిగేది అక్కడే.

ముందుకి అడుగు వేశాడు.

ఇల్లు కనిపించింది. తలుపు మీద తాళం తుప్పు పట్టింది. నారుమడిలో పిచ్చి మొక్కలు కూడా లేవు, నేల బోడిగా, పసుపు పచ్చగా ఉంది. గొట్టం మీద మొక్కలు చచ్చిపోతే అనుమానించాలని వాళ్ళకి నేర్పిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది వాడికి. రాయికి యంత్రం తాకించాడు. కీచుమంది.

అప్పుడు మొదలైంది.

గుడగుడ... గుడ... గుడగుడగుడ...

పలక కిందనుంచి. నోటి నిండా నీళ్ళతో ఎవరో ఏదో చెప్పాలని తెగ ఆరాటపడుతున్నట్టు. అడుగులో అడుగు వేసుకుంటూ బావి దాకా వెళ్ళి, పలక పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"అన్నా..." అన్నాడు.

చప్పుడు ఆగిపోయింది.

వింటున్నట్టు.

సరిగ్గా అప్పుడే టార్చి మినుకుమని ఆరిపోయింది. చేత్తో కొట్టాడు, వెలగలేదు. కళ్ళు పొడుచుకున్నా కానరాని చీకటి. వెనక... ఇంటి గోడవైపు... బోడి నేల మీద అడుగుల చప్పుడు. ఒకటి. ఆగి, ఇంకొకటి. ఎవరో తీరిగ్గా నడిచొస్తున్నట్టు. భయంలో చెయ్యి బుర్రని అడగదు. జేబులోకి వెళ్ళింది, లైటరు తీసింది, బొటనవేలు చక్రం మీద పడింది —

నెత్తి మీద వెనక నుంచి ఒక్కటి పడింది.

గట్టిగా కాదు. లైటరు మాత్రం చేతిలోంచి జారి ఎక్కడో పడింది.

చాలాసేపు వాడు కదల్లేదు. వెనక్కి తిరగలేదు. ఊపిరి కూడా దొంగతనంగా తీసుకున్నాడు. తనేం చెయ్యబోయాడో అప్పుడు అర్థమైంది. అన్న కూడా ఇక్కడే, ఇలాగే వంగి ఉంటాడు. అప్పుడు అన్న వెనక ఎవరూ లేరు.

మళ్ళీ గుడగుడ మొదలైంది. ఈసారి వాడికి భయం వెయ్యలేదు. సంచిలోంచి సీసా తీశాడు. తడుముకుంటూ పలక అంచు వెంట సబ్బు నీళ్ళు పోశాడు. చీకట్లో కళ్ళకి ఏం తెలుస్తుంది, అరచెయ్యి ఆనించి చూశాడు. చేతి కింద నురగ పొంగింది. వేళ్ళ సందుల్లోంచి బుడగలు ఒకదాని తర్వాత ఒకటి ఉబ్బి, టప్ టప్‌మని పగిలాయి. సీసా మొత్తం వంచాడు. పొంగుతూనే ఉంది.

గొణిగింది గ్యాసే. మూడేళ్ళుగా నీళ్ళలోంచి బుడగలుగా పైకొచ్చి, పలక కింద చేరి గుడగుడలాడుతోంది. మాట్లాడిన మనిషి ఎవరూ లేరు. మనిషి బతికుండగా చెప్పినప్పుడు ఎవరూ వినలేదు.

చిన్నోడు ఆ నురగ చేత్తోనే మొహం కప్పుకుని ఏడ్చాడు. చిన్నప్పుడు తల్లి పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

తర్వాత లేచాడు. రెండొందల గజాలు దూరంగా నడిచాక గాని వాకీటాకీ ముట్టుకోలేదు. కంట్రోల్ రూములో కూర్చున్నతను నిద్రమత్తులో పలికాడు.

"నలభై ఒకటి దగ్గర లీకు" అన్నాడు చిన్నోడు. "బావిలోకి వస్తోంది. ఇవాళ్టిది కాదు, మూడేళ్ళ నాటిది. అప్పుడు చూసింది నేనే. వాసన చూసి వచ్చేశాను. సబ్బు నీళ్ళు పొయ్యలేదు. పరీక్షించానని రాసింది అబద్ధం."

"ఆలోచించుకునే మాట్లాడుతున్నావా?" అన్నాడతను గొంతు తగ్గించి. "రేపు నిన్ను తీసుకెళ్ళేవాళ్ళు వింటారు. ఇదంతా రికార్డవుతోంది."

"అందుకే చెబుతున్నా."

లీకు అన్న మాట ఒకసారి రికార్డులో పడితే చుట్టుపక్కల ఇంజను తిరగకూడదు. పెద్దాఫీసు నుంచి మనుషులొచ్చి కొలిచి, కాగితం మీద రాసి, అప్పుడు గాని ఒక తట్ట మట్టి కదలదు. పొద్దున్నే వచ్చిన మిషను కంకర రోడ్డు మీదే ఆగిపోయింది. కొత్త చోటికి వెళ్ళే నలుగురిలో చిన్నోడి పేరు కొట్టేసి ఇంకొకరిది రాశారని పొద్దెక్కకముందే ఊరంతా తెలిసింది. పెద్దోడు అబద్ధాలకోరు కాదని కూడా తెలిసింది. అన్ని మాటలన్న ఊరు ఆ పూట తల దించుకుని తన పనులు తను చేసుకుంది.

అదంతా తర్వాత. ముందు చిన్నోడు తిన్నగా ఇస్త్రీ దుకాణం వెనక గదికి వెళ్ళాడు. వదిన నిద్రపోలేదు, తలుపు తీసే ఉంచింది. నేల మీద ఆవిడ ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాడు. వాసన చూడడం, సీసా తియ్యకపోవడం, క్లాసులో విన్నది ఏడాదిగా కడుపులో దాచుకోవడం, నురగ. నెత్తి మీద పడిన దెబ్బ సంగతి మాత్రం చెప్పలేదు. చెబితే నమ్మదని కాదు, నోరు రాలేదు.

అంతా విన్నాక ఆవిడ అంది:

"నాకు తెలుసురా. ఆస్పత్రిలో మీ అన్న చెప్పాడు. 'వాడు సీసా తియ్యలేదు, నేను పక్కనే ఉండి చూశాను, ఈ మాట మాత్రం బయట పెట్టకు, వాడు మొయ్యలేడు' అన్నాడు. మూడేళ్ళు ఆ మాట నిలబెట్టాను. ఆయన్ని ఎవరెన్ని అన్నా నోరు మెదపలేదు."

"మరి నిన్న ఎందుకు పంపావు వదినా?"

"పూడ్చేశాక నువ్వు ఎన్నేళ్ళు బతికినా దాని చుట్టూనే తిరుగుతావని."

చిన్నోడు తల వంచేశాడు. చిన్నప్పుడు జ్వరమొస్తే చేసినట్టే ఆవిడ వాడి తల మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

"దారిలో వాన పడిందా?"

"లేదే."

ఆవిడ వాడి టోపీ తీసింది. ముందంతా పొడిగా ఉంది. వెనక వైపు ఒక్కచోట, అరచెయ్యంత మేర, తడిసి ముద్దయింది. మెడ మీదుగా కారిన చుక్కలు చొక్కా కాలరు దాకా ఉన్నాయి.

వదిన పక్కనున్న గాజు గ్లాసు దగ్గరికి లాక్కుని, టోపీని దానిలోకి మెల్లగా పిండింది. గుక్కెడు నీళ్ళు పడ్డాయి. కిటికీలోంచి వస్తున్న వేకువ వెలుతురులో గ్లాసు పట్టుకుని చూసింది.

నీళ్ళు పాలలా తెల్లగా ఉన్నాయి... చూస్తుండగానే, అడుగు నుంచి పైకి, మెల్లగా తేటపడ్డాయి.